చర్చికి మాత్రమే వెళ్ళిన కారు

జడ్జి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పదకొండు," అన్నారు.

ముందున్న హాజరు పుస్తకం నకలు నా వైపు తిప్పారు.

"సెప్టెంబరు నుంచి మీ అమ్మాయి పదకొండు రోజులు బడికి ఆలస్యంగా వెళ్ళింది, మిస్టర్ ఫాలన్. ఎందుకని?"

"కారండీ."

"కారుకేమైంది?"

"మొదట బ్యాటరీ పోయిందండీ. తర్వాత క్లచ్చి. పోయిన వారం తనిఖీకి తీసుకెళ్తే, అడుగంతా తుప్పు పట్టిపోయింది, ఇక రోడ్డెక్కించొద్దన్నారు."

పక్క బెంచీలో గ్రాన్యా నిట్టూర్చింది. తొమ్మిదేళ్ళు నా భార్యగా ఉన్న మనిషి. ఆ నిట్టూర్పుకు అర్థం ఎవరూ నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఈయనతో ఎప్పుడూ ఇంతే అని.

"పాప పుట్టిన ఊళ్ళోనే, అలవాటైన బళ్ళోనే ఉండాలని నేనే అన్నాను," అన్నారు జడ్జి గారు. "కానీ ఆ బడికే వేళకు వెళ్ళలేకపోతే ఆ ఊళ్ళో ఉండి ఏం లాభం? డిసెంబరు పదహారున మళ్ళీ చూస్తాను. ఈలోగా హాజరు పుస్తకంలో ఇంకొక్క ఆలస్యం కనబడినా, క్రిస్మస్ సెలవుల తర్వాత పాప ఆథ్లోన్‌లో తల్లి దగ్గర ఉంటుంది. అక్కడి బళ్ళోనే చేరుతుంది. ఒక్కటంటే ఒక్కటి. అర్థమైందా?"

అర్థమైంది. మధ్యలో పధ్నాలుగు ఉదయాలున్నాయి. తొమ్మిదీ ఇరవైకి గంట కొడతారు. పధ్నాలుగు సార్లూ ఆ గంట కంటే ముందు ఓర్లా తన బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. లేకపోతే నా ఎనిమిదేళ్ళ కూతురు నాకు పదిహేను రోజులకొకసారి వచ్చే చుట్టం అవుతుంది.

మా ఇంటి నుంచి క్లూన్‌మోర్ బడి ఏడు కిలోమీటర్లు. బడి నుంచి నేను పని చేసే పుట్టగొడుగుల షెడ్లు ఇంకో మూడు. అంతే మా తిరుగుడు. పిల్లల బస్సు రోజూ మా గేటు ముందు నుంచే ఆ బడికి వెళ్తుంది. ఆగదు. మా ఇంటికి అన్నిటికంటే దగ్గరి బడి డ్రమ్‌కీన్‌లో ఉంది, అర కిలోమీటరు తక్కువ. దగ్గరి బడిని కాదని దూరం బడిలో చేరిన పిల్లలకు బస్సులో ఖాళీ ఉంటేనే చోటు. ఖాళీ లేదు. తను చదివిన బడి అని ఓర్లాను క్లూన్‌మోర్‌లో చేర్పించింది గ్రాన్యానే. ఆ మాట కోర్టులో ఎత్తవద్దని మా లాయరు ముందే చెప్పింది.

పక్కింటి టర్లో కొన్నాళ్ళు తన బండిలో దింపాడు. మంచివాడే. కానీ ఆవు ఈనుతోందంటే అతనికి గడియారం కనబడదు. ఆ పదకొండులో నాలుగు ఆలస్యాలు టర్లో ఆవులవే.

మర్నాడు శనివారం. చేతిలో ఉన్న రెండు వేల యూరోలూ జేబులో పెట్టుకుని, సైకిలెక్కి ఫిలోమినా గ్యారేజీకి వెళ్ళాను.

ఫిలోమినాకు అరవై దాటాయి. ఈ చుట్టుపక్కల ఏ కారుకు ఏ రోగముందో ఆమెకు తెలిసినంత బాగా మనుషుల రోగాలు డాక్టరుకు తెలియవు. నేను వెళ్ళేసరికి ఒక వ్యాను కింద పడుకుని ఉంది. బయటికి రాకుండానే అడిగింది.

"రోజుకి ఎంత దూరం తిప్పుతావు, అబ్బాయ్?"

"ఏడూ మూడూ పది. మళ్ళీ వచ్చేటప్పుడు పది."

"మధ్యలో?"

"ఆపేస్తాను."

"అయితే అదిగో. ఆ ఎర్రది తీసుకో."

గోడ పక్కన ఒక చిన్న పెట్రోలు కారు ఉంది. ఎర్రదే, ఒక తలుపు మాత్రం నీలం. తలుపు తీసి తల లోపల పెట్టి, అంతే వేగంగా బయటికి తీశాను.

"లోపలేదో చచ్చింది!"

"చావలేదు. నాలుగు కుక్కలు, నిక్షేపంగా బతికే ఉన్నాయి. పశువుల డాక్టరు గారి బండి."

"మీటరు మీద రెండు లక్షల ముప్ఫై వేలుంది, ఫిలోమినా."

"ఉంటుంది. పరిగెత్తిన గుర్రానికి పరిగెత్తడం వచ్చు. కొట్టంలో కట్టేసిన దానికి ఏమొచ్చు, తినడం తప్ప?"

"ఓర్లా ఇందులోంచి దిగితే బళ్ళో పిల్లలంతా ముక్కులు మూసుకుంటారు. ఇప్పటికే క్రిస్మస్ నాటకంలో దానికి ఇద్దరు పిల్లలు దూరే గాడిద వేషంలో వెనక సగం ఇచ్చారు."

"ఇంకేం, వేషానికి తగ్గ వాసన."

నాకు నవ్వు రాలేదు. రేపు జడ్జి గారు ఎవరినైనా పంపిస్తే, ఒక తలుపు నీలంగా ఉండి కుక్కల కంపు కొట్టే బండిలోంచి నా కూతురు దిగడం చూస్తారు. ఆలోచించి చెప్తానన్నాను. వ్యాను కిందనుంచి, "ఆలోచించేంత తీరిక నీకుందా?" అని వినబడింది.

ఇంటికి చేరేలోపే జార్లత్ ఫోను చేశాడు. బళ్ళో నా పక్కన కూర్చున్నవాడు. వాళ్ళ అత్త మిస్ కన్సెప్టా క్లూన్‌మోర్‌లో ముప్ఫై తొమ్మిదేళ్ళు టీచరు. నాకూ, గ్రాన్యాకూ, ఊళ్ళో సగం మందికీ ఎక్కాలు నేర్పింది ఆవిడే. అక్టోబరు చివర్లో పోయింది.

"నీకు కారు కావాలటగా, మాలకీ. అత్తది షెడ్డులో ఉంది. బయటివాళ్ళకి అమ్మడం మాకిష్టం లేదు."

వెండి రంగు కారు. తళతళా మెరుస్తోంది. డీజిలు బండి. ఏడెనిమిదేళ్ళ కిందట డీజిలు కార్లకు రోడ్డు పన్ను తగ్గించారు. దాంతో దేశమంతా డీజిలే కొన్నది. ఫాదరు కొన్నారు, పోస్టుమాస్టరు కొన్నాడు, ఇంటి నుంచి చర్చికీ చర్చి నుంచి కొట్టుకూ తప్ప ఇంకెక్కడికీ కదలని మిస్ కన్సెప్టా కూడా కొన్నది.

"మీటరు చూడు," అన్నాడు జార్లత్.

ఇరవై ఆరు వేలు.

"వెనక సీటు మీద ప్లాస్టిక్కు ఇంకా అలాగే ఉంది చూడు. ఆదివారం చర్చికి, శుక్రవారం పింఛనుకి. మూడో గేరు ఒకటుందని కూడా అత్తకి తెలీదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఏడవాల్సిన చోటు అదే. తెలియలేదు.

మా వైపు పాత కార్ల గురించి ఒక మాటుంది. 'చర్చికి మాత్రమే వెళ్ళిన కారు' అంటారు. అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు. ఆ మాట విన్నాక ఇక ఎవరూ బానెట్టు ఎత్తరు.

ఫిలోమినాకు ఒకసారి చూపిస్తానని అనబోయాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికి వాళ్ళ వంటింట్లో కూర్చుని ఉన్నాను. జార్లత్ వాళ్ళమ్మ బ్రౌన్ బ్రెడ్డు కోసి వెన్న రాసి పెట్టింది. కిటికీలో మిస్ కన్సెప్టా ఫోటో, దాని ముందు చిన్న దీపం. ఆవిడ పోయి నలభై రోజులైనా కాలేదు. ఆవిడ కారును పరీక్ష చేయించడానికి మెకానిక్కును తీసుకురావడమంటే, వాళ్ళ టీ తాగుతూ, వాళ్ళ మొహం మీదే, మీ అత్త మీద నాకు అనుమానంగా ఉందని చెప్పడమే. ఇక్కడ ఎవరూ ఆ పని చెయ్యరు. నేనూ చెయ్యలేదు.

వాకిట్లోకి వచ్చాక జార్లత్ అరచేతిలో ఉమ్మి చెయ్యి చాచాడు. నేనూ ఉమ్మి చెయ్యి కలిపాను; మా వైపు బేరం అలాగే ఖాయమవుతుంది. నేనిచ్చిన రెండు వేలలోంచి ఇరవై యూరోల నోటు తీసి నా జేబులో కుక్కాడు. అమ్మినవాడు కొంత తిరిగి ఇవ్వకపోతే ఆ బేరం అచ్చిరాదు.

"హాయిగా తిప్పుకో," అన్నాడు.

మొదటి వారం నిజంగానే హాయిగా గడిచింది. తాళం తిప్పగానే లేచేది. ఓర్లా తొమ్మిదీ పదికి గేటు దగ్గర దిగేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు ఉదయాలు. రెండో వారం ఇంకో అయిదు. నేను రాత్రుళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టాను.

ఒకటి రెండు వింతలు కనబడకపోలేదు. షెడ్ల దగ్గర ఇంజను ఆపి తాళం తీశాక కూడా లోపల ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉండేది. ఒక్కోసారి ఏదో మాడిన వాసన వచ్చేది. కొత్త కారు కదా, దాని అలవాట్లు దానికుంటాయి అనుకున్నాను.

డిసెంబరు పదమూడు, మంగళవారం సాయంత్రం. బడి నుంచి ఇంటికి వస్తుంటే, చర్చి దగ్గరి ఎత్తు ఎక్కుతుండగా కారు ఒక్కసారిగా నీరసపడింది. ఎంత తొక్కినా ముందుకు రాదు. మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగి ఆరుతోంది. ఓర్లాను దారిలో టర్లో వాళ్ళింట్లో దింపి, కారును ఎలాగో ఫిలోమినా దగ్గరికి ఈడ్చాను.

ఆమె ఏదో చిన్న యంత్రం కారుకు తగిలించి చూసింది. చూసి, పెదవి విరిచింది. ఫిలోమినా వెటకారం ఆడకపోతే భయపడాలి.

"చెప్పు."

"డీజిలు కారుకి పొగగొట్టంలో ఒక జల్లెడుంటుంది. మసి అక్కడ ఆగుతుంది. దూరం పోయి బాగా వేడెక్కితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. వేడెక్కకముందే ఆపేశావనుకో, కాలదు, పేరుకుంటుంది. ఏడేళ్ళు ఆవిడ చర్చి దాకా వెళ్ళి ఆపేసింది. రెండు వారాలుగా నువ్వు బడి దాకా వెళ్ళి ఆపేస్తున్నావు." యంత్రం పక్కన పెట్టింది. "ఆవిడ పాపపుణ్యాలు ఆవిడతోనే పోయాయి. మసి మాత్రం ఇక్కడే ఉంది."

"దూరం తిరగలేదనే కదా కొన్నాను!"

"అదే చెప్తున్నా. దీన్ని మించిన పిచ్చి కొనుగోలు ఇంకోటి లేదు. నన్నొక్క మాట అడిగుంటే..."

"మిస్ కన్సెప్టా కారు. ఎలా అడగను?"

ఫిలోమినా తిట్టబోయి ఆగిపోయింది. ఆమెకు ఎక్కాలు నేర్పింది మిస్ కన్సెప్టా వాళ్ళమ్మే.

"ఎర్రది ఉందా?"

"ఆదివారమే పోయింది. ఒక నర్సు తీసుకెళ్ళింది."

"జల్లెడ మారిస్తే?"

"నువ్వు కారుకి పోసినంత దానికీ పొయ్యాలి. పైగా రావడానికి పది రోజులు."

"నాకు పది రోజుల్లేవు. మూడున్నాయి."

"తెలుసు. ఊరంతా తెలుసు." ఆమె చేతులు తుడుచుకుంది. "ఒక్కటే దారి. మోటారు రహదారి ఎక్కు. నాలుగో గేరులో నలభై నిమిషాలు, ఎక్కడా ఆపకుండా పో. కాలితే కాలుతుంది."

"ఇప్పుడే వెళ్తాను."

"బయట చూశావా? గడ్డకట్టే మంచు, నీ చెయ్యి నీకే కనబడదు. ఎవరూ రోడ్డెక్కొద్దని రేడియోలో చెప్తున్నారు. తెల్లారేసరికి తగ్గుతుందట. బడికి ముందు వెళ్ళిరా. ఇంకొక్కసారి ఆ ఏడు కిలోమీటర్లు తిప్పావంటే మాత్రం పూర్తిగా పూడుకుపోతుంది. నేనే దింపేదాన్ని పిల్లని, రేపు ఏడింటికి గాల్వేలో నా కంటికి ఆపరేషను."

టర్లోను అడిగాను. "ఎందుకు దింపను!" అన్నాడు. అంతలో కొట్టం వైపు చూసి, "ఈ రాత్రికి రెండు ఈనేలా ఉన్నాయి గానీ," అన్నాడు.

బుధవారం ఉదయం ఆరూ ఇరవైకి ఓర్లాను దుప్పటితో సహా ఎత్తి వెనక సీట్లో కూర్చోబెట్టాను. యూనిఫాం రాత్రే వేయించాను. ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టాను. మంచు విడిపోయింది. రోడ్డు నల్లగా, తడిగా ఉంది.

"నాన్నా, బడి ఇటు కాదు."

"తెలుసు. కారుకు వ్యాయామం చేయిస్తున్నాం."

"ఎందుకు?"

"ఒళ్ళు చేసింది."

"కన్సెప్టా టీచరు కూడా ఎప్పుడూ పరిగెత్తేది కాదు," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆరూ యాభైకి మోటారు రహదారి ఎక్కాను. తూర్పుగా, ఆథ్లోన్ వైపు. నాలుగో గేరు. ఇంజను గొంతు చించుకుంటోంది. పసుప్పచ్చ దీపం కొట్టుకుంటూనే ఉంది. నేను రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూశాను. పది నిమిషాలు. ఇరవై. ఆథ్లోన్ వంతెన దాటాం. నీళ్ళ మీద ఇంకా చీకటే. ముప్ఫై నిమిషాలు. దీపం ఆరలేదు. వెనక్కి తిరగాల్సిన మలుపు వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు అనుకుని దాటేశాను. తర్వాతి మలుపూ దాటేశాను.

ఏడూ ముప్ఫై ఎనిమిదికి దీపం ఆరిపోయింది.

గట్టిగా అరిచాను. ఓర్లా ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది?"

"చిక్కిపోయింది! కారు చిక్కిపోయింది!"

ముందున్న మలుపులో దిగి, వంతెన చుట్టి, పడమరగా మళ్ళీ ఎక్కాను. చేతిలో కావలసినంత సమయం. ఓర్లా బ్రెడ్డు తింటూ నాటకంలో పాట పాడుతోంది. నేనూ గొంతు కలిపాను.

ఆథ్లోన్ ఇంకా ఐదు కిలోమీటర్లుందనగా మాడిన వాసన వచ్చింది. ఈసారి చిన్నది కాదు. అద్దంలో చూస్తే వెనకంతా తెల్లటి పొగ. దీపం వెలిగింది. పసుప్పచ్చ కాదు, ఎరుపు. కాలు కింద బలం పోయింది. వంద, ఎనభై, యాభై, ముప్ఫై. పక్క గీత దాటి ఆపేలోపే ఇంజను తనే ఆగిపోయింది.

ఎనిమిదీ ఏడు. బడి ఇంకా యాభై కిలోమీటర్లు.

ఓర్లాను దించి కంచె అవతల గడ్డి గట్టు మీద నిలబెట్టాను. లారీలు పక్కనుంచి పోతుంటే గాలికి దుప్పటి ఎగిరిపోతోంది. తాళం తిప్పాను. టక్ మంది. మళ్ళీ తిప్పాను. టక్.

బండి లాగే కంపెనీకి ఫోను చేశాను. గంటన్నర అన్నారు. టాక్సీకి చేశాను. "ఈ వేళప్పుడా? అన్నీ బళ్ళ దగ్గరున్నాయి సార్, తొమ్మిదయ్యాక చూద్దాం." టర్లోకు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

"నాన్నా," అంది ఓర్లా. "అమ్మ ఇల్లు ఇక్కడే కదా."

అవును, ఇక్కడే. ఆ మాట నాకు తట్టక కాదు.

ప్రపంచంలో ఆ నిమిషాన నా కూతుర్ని వేళకు బడికి చేర్చగలిగింది గ్రాన్యా ఒక్కతే. అది బడికి ఆలస్యమైతే లాభపడేదీ గ్రాన్యా ఒక్కతే. ఆమె అబద్ధం చెప్పక్కర్లేదు, మోసం చెయ్యక్కర్లేదు. ఒక ట్రాక్టరు వెనక కాస్త ఓపికగా వెళితే చాలు.

ఫోను చెయ్యకపోతే ఆలస్యం ఖాయం. చేస్తే, ఆమె చేతిలో.

ఎనిమిదీ పదహారుకి చేశాను.

"ఏంటి?" అంది. హెయిర్ డ్రయరు చప్పుడు ఆగింది.

చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్నే వేసింది. "కంచెకి ఏ పక్కన నిలబెట్టావు దాన్ని?"

"అవతల."

"వస్తున్నా."

ఎనిమిదీ ముప్ఫై మూడుకి వచ్చింది. జుట్టు సగం తడి, సగం పొడి. తను పని చేసే పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు నీలం కోటు వేసుకుని ఉంది. తొమ్మిదింటికి అక్కడ తలుపు తీయాల్సింది ఆమే.

ఓర్లాను ముద్దు పెట్టుకుని కారెక్కించి, నా వైపు తిరిగింది.

"మాడిపోతున్న కారులో, తెల్లవారకుండా, రహదారి మీద. బుద్ధుందా నీకు?"

"లేదు. నన్ను తర్వాత తిట్టు. ఇప్పుడు పద," అంటూ ముందు తలుపు మీద చెయ్యి వేశాను.

"నువ్వు ఎక్కకు."

"గ్రాన్యా..."

"నువ్వు పక్కన కూర్చుంటే తిట్టుకుంటూ నడుపుతాను. తిట్టుకుంటూ నడిపితే నెమ్మదవుతుంది. పైగా ఆ చెత్తని ఇక్కడ వదిలేసి పోతే పోలీసులు వస్తారు. ఉండు."

ఆమె కారు వెనక దీపాలు లారీల మధ్య కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. వేగంగా వెళ్ళిందా, మామూలుగా వెళ్ళిందా? అక్కడినుంచి తెలియలేదు.

గట్టు మీద కూర్చున్నాను. తెల్లవారింది. పొలాల మీద తెల్లటి మంచు. ఎనిమిదీ యాభై. ఇప్పుడు రహదారి దిగుతుంటారు. తొమ్మిది. సన్న రోడ్డు. తొమ్మిదీ పది. చర్చి ఎత్తు దగ్గరుండాలి. ఉంటారా? నేనే ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్ణి? ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పుకోవడం ఇష్టంలేక లేచి నిలబడి, కారును ఒక తన్ను తన్నాను. చర్చికి మాత్రమే వెళ్ళిన కారు. అద్దంలా మెరుస్తోంది.

తొమ్మిదీ ఇరవై అయింది. ఏ గంటా వినబడలేదు. బడికి ఫోను చేశాను, ఎవరో మాట్లాడుతున్నారు. మళ్ళీ చేశాను. మాట్లాడుతూనే ఉన్నారు. తొమ్మిదీ ఇరవై ఎనిమిది. గ్రాన్యా ఫోను మోగుతోంది, ఎత్తదు. ఓర్లా గదిలో గోడలకు వేసిన కాగితపు నక్షత్రాలు, మంచం కింద దాని డబ్బాలు, వాటిని ఎవరు సర్దాలి, ఎప్పుడు సర్దాలి అని ఆలోచిస్తున్నాను. నిజంగానే ఏ పెట్టెలో ఏవి పడతాయో లెక్కేస్తున్నాను.

తొమ్మిదీ ముప్ఫై ఆరుకి ఫోను మోగింది.

"ఏమైంది?"

"ముసలి ఫెస్టస్ తన గొర్రెల్ని రోడ్డు దాటిస్తున్నాడు," అంది గ్రాన్యా.

"ఎక్కడ?"

"డ్రమ్‌కీన్ మలుపు దగ్గర. రోడ్డు నిండా గొర్రెలు. ఆయన తొంభై ఏళ్ళ నడక నీకు తెలుసుగా."

నేను కంచె పట్టుకున్నాను.

"ఆపాను. ఆపి కూర్చున్నాను. ఇలా కూర్చుంటే చాలనుకున్నాను, మాలకీ. అబద్ధమెందుకు. హారను మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తప్పు నాది కాదు కదా, గొర్రెలది."

"గ్రాన్యా, టైము చెప్పు."

"విను. నీ కూతురు తలుపు తీసుకుని దిగిపోయింది. 'ఫెస్టస్ తాతా, నాకు ఆలస్యం!' అని అరిచింది. కుక్కని పేరు పెట్టి పిలిచి ఈల వేసింది. ఎప్పుడు నేర్చుకుంది ఆ ఈల? కుక్క దాని మాట విన్నది. గొర్రెలన్నిటినీ గోడకి అదిమేసి నాకు దారిచ్చారు, ముసలాయన, పిల్ల, కుక్క కలిసి. ఆథ్లోన్‌లో మా వీధిలో దానికి ఒక్క మనిషి పేరూ తెలీదు. కుక్క సంగతి తర్వాత."

"టైము, గ్రాన్యా," అన్నాను.

"తొమ్మిదీ పంతొమ్మిదికి లోపలికెళ్ళింది. గంట కొట్టాక తలుపు బయట నిలబడి విన్నాను. దాని పేరు పిలిచారు. 'అన్షో' అంది."

మా బళ్ళలో పిల్లలు ఉన్నామని చెప్పే మాట అది. నేను రోడ్డు పక్కన గట్టు మీద కూలబడ్డాను. లారీ డ్రైవరు ఒకడు హారను కొట్టి, బాగానే ఉన్నావా అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఏడవకు," అంది గ్రాన్యా. "నేనేమీ కేసు వదులుకోవట్లేదు. శుక్రవారం నిన్ను ఎదిరించే కూర్చుంటాను. ఈ పొద్దుటి సంగతి మా లాయరుకి చెప్తాను."

"చెప్పు."

"నువ్వే ముందు చెప్పుకుంటే నాకా పని తప్పుతుంది."

ఫోను పెట్టేసింది.

గురువారం ఓర్లా టర్లో బండిలో వెళ్ళింది. ఆవులు రెండూ బుధవారమే ఈనాయి. నేను పనికి సెలవు పెట్టి ఊళ్ళోకి నడిచి వెళ్ళాను. పాత కార్ల దుకాణం వైపు తిరగలేదు. ముందురోజు రాత్రి, ఆ పొద్దున గట్టు మీద కూర్చున్నట్టే వంటింట్లో కూర్చుని ఆలోచించిన సంగతి ఒక్కటే: ఏడు కిలోమీటర్లకు నమ్మకమైన కారు కోసం ఇన్నాళ్ళూ వెతికాను గానీ, ఆ ఏడు కిలోమీటర్లు ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు. మా తాత కట్టిన ఇల్లు అది. అందులోంచి ఎవరూ అద్దె ఇంటికి పోలేదు. పోకూడదని ఎవరూ అనలేదు కూడా.

శుక్రవారం జడ్జి గారు హాజరు పుస్తకం నకలు తిరగేశారు. కళ్ళజోడు తియ్యలేదు.

"ఒక్క ఆలస్యం కూడా లేదు. బాగుంది. కారు కుదిరిందన్నమాట."

మా లాయరు నా మోచేయి నొక్కింది. నేను లేచాను.

"లేదండీ. కారు బుధవారం చచ్చిపోయింది. రహదారి మీద, ఓర్లా లోపల ఉండగా. దాన్ని ఆ పూట బడికి చేర్చింది వాళ్ళమ్మ."

మా లాయరు కళ్ళు మూసుకుంది. జడ్జి గారి కలం ఆగింది. మొత్తం చెప్పాను. మిస్ కన్సెప్టా దగ్గర్నుంచి గొర్రెల దాకా.

"అంటే ఇప్పుడు మీకు కారు లేదు," అన్నారు ఆయన.

"లేదండీ. ఇక కొనను. బడికి ఎదురుగా మాంసం కొట్టు మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. రేపే మారుతున్నాం. ఓర్లా నడిచి వెళ్తుంది, నేను పనికి సైకిలు మీద వెళ్తాను."

ఆయన గ్రాన్యా వైపు చూశారు. "మీరేమైనా చెప్పాలా?"

ఆమె లేచింది. వాళ్ళ లాయరు కాగితాల మీద ఏదో వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఆ గదుల్లో హీటరుందా అని అడగండి."

"ఉందండీ," అన్నాను.

"రెండింట్లోనూ?"

"పాప గదిలో ఉంది."

గ్రాన్యా ఒక క్షణం నన్ను చూసింది. "అయితే నేను చెప్పేదేమీ లేదు," అని కూర్చుంది.

"జూన్ దాకా ఇలాగే," అన్నారు జడ్జి గారు. "జూన్‌లో మళ్ళీ పుస్తకం చూస్తాను. ఒక్కటంటే ఒక్కటి. మర్చిపోవద్దు."

సోమవారం. సెలవులకు ఇంకా మూడు రోజులున్నాయి. మా కొత్త కిటికీలోంచి చూస్తే బడి తలుపు కనబడుతుంది. పక్కగదిలో హీటరు బాగా పని చేస్తోంది. కింద కొట్లో కత్తుల చప్పుడు. తొమ్మిదీ పన్నెండు దాకా అంతా సవ్యంగా ఉంది.

"ఓర్లా, రెండో బూటేది?"

"ఏమో. ఆ పెట్టెలో ఉందేమో."

పెట్టెలు పదహారు. నాలుగు తిరగేశాను. తొమ్మిదీ పదిహేను. ఇంకో మూడు. దుప్పట్లు, గిన్నెలు, కాగితపు నక్షత్రాలు.

"ఎదురుగానే కదా నాన్నా, తొందరేముంది?" అంది ఓర్లా, రొట్టె నములుతూ.

తొమ్మిదీ పదిహేడు. అవతల టీచరు వాకిట్లోకి వచ్చింది. చేతిలో గంట.

ఓర్లాను భుజాన వేసుకున్నాను. ఒక కాలికి బూటు, ఒక కాలికి నా ఉన్ని మేజోడు. మెట్లు రెండేసి చొప్పున దిగి వీధిలో పడ్డాను. అటు గేటుకు ముప్ఫై అడుగులు. ఇటునుంచి పాల లారీ వస్తోంది, డ్రైవరు తల తిప్పి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

చెయ్యి పైకెత్తి, గొంతెత్తి అరుస్తూ దాని ముందుకు నడిచాను. లారీ కీచుమని ఆగింది, గంట ఇంకా మోగలేదు.